తుడిచిన ఆకులు

మా తోడికోడలు కోపం వస్తే అరవదు. ఆ పని నాది. నేనైతే గిన్నెలు చప్పుడు చేస్తాను, తలుపులు ధడాలున వేస్తాను, అరగంటలో చల్లబడి టీ పెట్టుకుని తాగుతాను. ఆవిడ నోరు మెదపదు. చేతిలో ఏ పని ఉంటే ఆ పని మరింత శ్రద్ధగా చేస్తుంది. ఒకసారి మా ఆడపడుచు ఏదో మాట జారిందని మూడేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఇంటికి వచ్చినప్పుడల్లా కొసరి కొసరి వడ్డించడం మాత్రం మానలేదు. ఆ భోజనం గొంతులోంచి ఎలా దిగేదో తిన్న మనిషినే అడగాలి.

అలాంటి మనిషి ఒక పెద్ద ఆఫీసరు మీద పగ పట్టి తీర్చుకున్న సంగతి ఇది. మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ ఆఫీసరంటే నాకు అప్పుడూ ఒళ్ళుమంటే, ఇప్పుడూ ఒళ్ళుమంటే. నా మాటల్లో ఎక్కడైనా కారం ఎక్కువైతే సర్దుకోండి.

ఆవిడని నేను అక్కా అనే పిలుస్తాను. అన్నదమ్ములిద్దరూ విడిపోకుండా ఒకే ఇంట్లో, ఒకే వంటింటితో కాపురం చేస్తున్నాం. నేను కింద వరండాలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, కిటికీ తెరలు కుడతాను. అక్క పదో తరగతి దాకా చదివి, తొమ్మిదేళ్ళు ఒక నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టింది. ఆ తరవాత ఊరి చివర పరిశోధన కేంద్రంలో మొక్కల గదికి పనిమనిషి కావాలంటే వెళ్ళి చేరింది. అక్కడ అందరూ ఆవిడని ఆకుల డాక్టరు అనేవారు. సరదాకి పెట్టిన పేరే అయినా అందులో అబద్ధం లేదు. నేను తెరలు కుట్టి ఇచ్చిన ఒక ఇంటికి తోడు వచ్చి, గుమ్మంలో నిలబడే హాల్లో మూలనున్న కుండీ చూసి, దాని వేళ్ళు కుళ్ళుతున్నాయని చెప్పింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఇంటావిడ మొహం చిట్లించి మొక్కని పెకలించి చూస్తే వేళ్ళు తడిసిన కాగితంలా చేతికి ఊడి వచ్చాయి.

ఆ కేంద్రంలో గది మామూలు గది కాదు. రెండు తలుపులు, ఒకటి మూశాకే రెండోది తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళాలంటే స్నానం చేసి, వాళ్ళిచ్చిన బట్టలు, చెప్పులు వేసుకోవాలి. కిటికీ లేదు, బయటివాళ్ళు చూడటానికి ఒక గోడకి పెద్ద గాజు అద్దం మాత్రం ఉంది. అరల మీద అరలు, ప్రతి అరలోనూ పాలకూర, టమాటా, మిరప. మట్టి లేదు, వేళ్ళు గాలిలో వేలాడుతుంటే సన్నటి గొట్టాలు మంచులా నీళ్ళు చిమ్ముతాయి, ఆ తుంపర ఆకుల మీదా పడుతుంది. అంతరిక్షంలో మనుషులు నెలల తరబడి ఉండటానికి కడుతున్న ఇంట్లో మొక్కలు ఇలాగే పెంచుతారట. అక్కడ తినేది ఆ ఆకులే, పీల్చే గాలిలో కొంత బాగుపడేది వాటి వల్లే. ఒక అర చచ్చిపోతే పక్కవాళ్ళని అడిగి తెచ్చుకోవడానికి పక్కవాళ్ళు ఉండరు.

పైకి వెళ్ళే నలుగురిలో మొక్కల సంగతి తెలిసినవాళ్ళు ఉండకపోవచ్చు. అందుకని కెమెరా చూసి, ఏ మొక్కకి ఏం జబ్బో ముందే చెప్పేలా కంప్యూటరుకి నేర్పాలనుకున్నారు. దాన్నే మెషిన్ లెర్నింగ్ అంటారు. నాకు అర్థమైనంతలో అది చిన్నపిల్లకి బొమ్మల పుస్తకం చూపించడం లాంటిదే. వేలకొద్దీ ఫొటోలు చూపిస్తూ, ఇది బాగుంది, దీనికి దాహం, దీనికి ఉప్పు ఎక్కువైంది, దీని వేరు కుళ్ళింది అని చెబుతూ పోతే, తేడా ఎక్కడుందో అదే పట్టుకుంటుంది. ఎక్కడ పట్టుకుందో మాత్రం మనకి చెప్పదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ ఫొటోలు తీసింది అక్క. ప్రతి ఫొటో కింద జబ్బు పేరు నొక్కింది అక్క. పద్నాలుగు నెలల్లో నలభై వేల ఫొటోలు. వాటిని వేరే భవనంలో కూర్చుని కంప్యూటరుకి నేర్పింది ఒక ఇంజనీరమ్మాయి. ఈ మొత్తానికి అధికారి పెద్దసారు. ఫొటోలు ఎలా తీయాలో పద్ధతి రాసింది ఆయనే. వారానికి ఒకసారి తాను గదిలోకి వెళ్ళి పని ఎలా జరుగుతోందో కళ్ళారా చూస్తానని ఆ పద్ధతిలో రాసుకున్నదీ ఆయనే. స్నానం చేసి బట్టలు మార్చుకునే ఓపిక లేక అద్దం బయట నిలబడి మైకులో మాట్లాడి పోయేవాడు.

నేర్పడం అయ్యాక కంప్యూటరుకి పరీక్ష పెడితే నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. పెద్ద సభ చేశారు. అక్కని వెనక వరసలో నిలబెట్టారు. అతిథుల్లో ఎవరో, ఇన్ని ఫొటోలకి జబ్బు పేర్లు ఎవరు చెప్పారని అడిగితే, పెద్దసారు నవ్వి, దానికి మా పద్ధతి ఉంది, సాయానికి నీళ్ళు పోసే మనిషి కూడా ఒకరున్నారు అన్నాడట. అక్క ఇంటికొచ్చి ఆ సాయంత్రం అటక మీది స్టీలు సామానంతా దించి తోమింది. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారని నేను అరిచాను. ఆవిడ తోముతూనే ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండు నెలల తరవాత మూడో అరలో పాలకూర చూసి అక్క, ఇది నాలుగు రోజులే ఉంటుందని చెప్పింది. కంప్యూటరు తెర మీద ఆ అరంతా పచ్చ రంగే చూపిస్తోంది, అంటే బాగుందని. మెషినుకి కనబడని ఎరుపు నీ ఒక్కదానికే కనబడుతోందా అని పెద్దసారు మైకులో వేళాకోళం ఆడాడు. నాలుగో రోజు పొద్దున నూట ఇరవై మొక్కలూ తల వాల్చేశాయి. ఎందుకు పోయాయో పైవాళ్ళకి రాయాలి. తన మెషిను తప్పు చెప్పిందని రాస్తే ఆయన మొహం ఏం కావాలి? అందుకని, నీళ్ళు పోసే మనిషి నిర్లక్ష్యం వల్ల అని రాశాడు. ఒక్క మాట. అక్క ఉద్యోగం పోయింది.

ఆ కాగితం నకలు ఇంటికొచ్చింది. అక్క పాత నర్సరీకి వెళ్ళి అడిగితే, వాళ్ళు కేంద్రానికి ఫోన్ చేసి కనుక్కుని, ఇప్పుడు ఖాళీ లేదన్నారు. ఇంకో రెండు చోట్లా అంతే. మా బావగారు నెమ్మదైన మనిషి. పోనీలే, ఇంట్లో ఉండి నాలుగు మొక్కలు పెంచుకో అన్నారు. అక్క ఆయన వైపు చూడకుండా నాతో అంది:

"ఆ మాట వాడు రాశాడు. వాడి నోటితోనే వెనక్కి తీసుకోవాలి. పదిమంది ముందు తీసుకోవాలి. అంతవరకు నేను ఏ మొక్కా ముట్టుకోను."

అన్నట్టే ముట్టుకోలేదు. మా మేడ మీద ఆవిడ పెంచిన కుండీలు ఇరవైకి పైగా ఉండేవి. నీళ్ళు నేను పోశాను, నా చేతి చలవ వల్ల సగం పోయాయి. ఆవిడ చూస్తూ ఊరుకుంది. చేతులు ఖాళీగా ఉండలేక నా దగ్గర కూర్చుని యూనిఫారాలకి బొత్తాలు కుట్టేది. ఆ బొత్తాలు గుడ్డ చిరిగినా ఊడవు.

రెండున్నర నెలలు గడిచాక ఒక ఆదివారం ఇంజనీరమ్మాయి మా ఇంటికి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, మొహంలో నిద్ర లేదు. ఆంటీ, నాకు ఒక అనుమానం ఉంది, సారుకి చెబితే వినట్లేదు అంటూ లాప్‌టాప్ తెరిచి మా వంటింటి బల్ల మీద పెట్టింది. కంప్యూటరు ఒక ఫొటోలో ఎక్కడ చూసి తీర్పు చెప్పిందో ఆ చోటు ఎర్రగా వెలిగేలా ఆ పిల్ల ఏదో చేసింది. జబ్బు మచ్చ మీద వెలగాల్సింది పోయి, ఎక్కడెక్కడో చుక్కలు చుక్కలుగా వెలుగుతోంది. అవేమిటో ఆ పిల్లకి అర్థం కాలేదు. పదిరోజులుగా అవే చూస్తోందట.

అక్క ముందుకు వంగి చూసింది. ఒక ఫొటో, రెండో ఫొటో, మూడోది. తరవాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆరిపోయిన పొయ్యి మీటనే ఆర్పినట్టు మళ్ళీ తిప్పింది. నాకేం తెలుస్తుందమ్మా, నీళ్ళు పోసే మనిషిని అంది. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని లాప్‌టాప్ మూసి వెళ్ళిపోయింది.

నేను ఊరుకునే రకం కాదు. మేడ మెట్ల మీద పట్టుకుని నిలదీశాను. అప్పుడు చెప్పింది. ఆ చుక్కలు నీటిబొట్లు. నర్సరీలో తొమ్మిదేళ్ళు చేతికి పట్టిన అలవాటు ఆవిడది: జబ్బు చేసిన ఆకు మీద తడి ఉంచకూడదు, తడి ఉంటే జబ్బు పక్కదానికి పాకుతుంది. అందుకని జబ్బు మొక్క కనబడగానే ముందు మెత్తటి గుడ్డతో ఆకు తుడిచేది, అప్పుడు ఫొటో తీసేది. బాగున్నవాటిని తుడిచేది కాదు.

"బాగున్నదాన్ని ఎవరు తుడుస్తారు? వాటి మీద నీళ్ళు అలాగే ఉండేవి. నలభై వేల ఫొటోల్లోనూ అంతే. అది జబ్బు నేర్చుకోలేదే. తడి నేర్చుకుంది. తడి ఉంటే ఆరోగ్యం, లేకపోతే జబ్బు."

మూడో అరలో గొట్టం ఒకటి పాడై, రాత్రీపగలూ నీళ్ళు చిమ్మింది. ఆ తడికే వేళ్ళు కుళ్ళాయి. ఆ తడినే చూసి కంప్యూటరు భేషుగ్గా ఉందని చెప్పింది. నేను మెట్ల మీదే కూలబడ్డాను. అంటే తప్పు అక్కదే అన్నమాట. శ్రద్ధ ఎక్కువై చేసిన తప్పు. ఆవిడ మొహం చూస్తే ఆ సంగతి నాకన్నా ముందే తనకి తెలిసినట్టుంది. ఒళ్ళు బలిసినవాడి చేతిలో దెబ్బ తినడం ఒక బాధ, ఆ దెబ్బకి కర్ర మనమే ఇచ్చామని తెలియడం ఇంకో బాధ.

మరి ఆ పిల్లకి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ మెషిన్ని నమ్ముకుని నలుగురు మనుషులు పైకి వెళ్తారు కదా అన్నాను. వాళ్ళు వెళ్ళడానికి ఇంకా ఏడాది పైనే ఉందని, వచ్చే నెలలోనే బయటి పెద్దల ముందు మెషినుకి ప్రదర్శన ఉందని అక్క లెక్కగా చెప్పింది. ఇప్పుడు చెబితే పెద్దసారు చప్పుడు లేకుండా సరిచేసుకుని, అదీ తన తెలివే అంటాడు. పదిమంది ముందు చెప్పాలి. నేను కూడా సరేనన్నాను. నిజం చెప్పాలంటే సరేననడమే కాదు, నాకు ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది.

ప్రదర్శనలోకి ఎలా వెళ్ళాలో మేం తలలు బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది. వాళ్ళే పిలిచారు. ప్రదర్శనకి జబ్బు మొక్కలు కావాలి. దాహంతో ఉన్నవి కొన్ని, ఉప్పు ఎక్కువైనవి కొన్ని, వేరు కుళ్ళినవి కొన్ని, అన్నీ ఒకే రోజుకి, పైకి ఇంకా జబ్బు కనబడీ కనబడకుండా ఉండాలి. మొక్కని బతికించడం నలుగురికీ వస్తుంది. అనుకున్న రోజుకి అనుకున్నంత జబ్బు చేయించడం మా అక్క ఒక్కదానికే వచ్చు. కొత్తగా పెట్టుకున్న ఇద్దరూ మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ మొక్కల్ని చంపారట. ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేసి, పన్నెండు రోజులు వచ్చి చేసిపెట్టమన్నాడు. అక్క ఒక్కటే అడిగింది, సాయానికి నా తోడికోడల్ని తెచ్చుకుంటానని. కాగితం గురించి ఒక్క మాట అడగలేదు. పెద్దసారు అది విని, చూశారా, వెన్నెముక లేనివాళ్ళతో ఇదే సుఖం అన్నాడని గుమాస్తాయే తరవాత మాకు చెప్పాడు.

పన్నెండు రోజులు నేను ఆ గదిలో పనిచేశాను. రోజుకి రెండు స్నానాలు. అక్క ఎంత నీటుగా చేసిందంటే నాకు భయమేసింది. ఏ మొక్కకి ఎప్పుడు నీళ్ళు ఆపాలి, ఎప్పుడు ఎంత ఉప్పు కలపాలి అన్నీ గంటల లెక్కన రాసుకుంది. పెద్దసారు రోజూ అద్దం బయటికి వచ్చి, మైకులో ఏదో పురమాయించి పోయేవాడు. అలాగే సార్ అనేది అక్క. ఆ అలాగే వినబడినప్పుడల్లా నాకు మా ఆడపడుచు భోజనం గుర్తొచ్చి, నవ్వు ఆపుకోవడానికి ట్రేలు సర్దేదాన్ని.

ప్రదర్శన రోజు అద్దానికి అవతల తొమ్మిది మంది కూర్చున్నారు. వాళ్ళలో ఒక తెల్లజుట్టావిడకి అందరూ లేచి నిలబడటం చూసి, తీర్పు చెప్పేది ఈవిడే అనుకున్నాను. గోడ మీద పెద్ద తెర. లోపల అక్క ముందే ఆకులు తుడిచి ఉంచిన ట్రేలు ఒక్కొక్కటీ కెమెరా కింద పెడితే తెర మీద జవాబు వస్తుంది. దాహం అని వచ్చింది, దాహమే. ఉప్పు అని వచ్చింది, ఉప్పే. చప్పట్లు. వేరు కుళ్ళిన పాలకూర పెట్టింది. పైకి చూస్తే ఆకు ముచ్చటగా ఉంది, కంప్యూటరు మాత్రం ఎరుపు చూపించి వేరుకుళ్ళు అంది. ఇంకా చప్పట్లు. పెద్దసారు ఛాతీ పొంగించి, మనిషి కంటికి ఇది కనబడదు, చూడండి అన్నాడు.

అప్పుడు అక్క నీళ్ళ సీసా తీసి ఆ పాలకూర మీద మూడుసార్లు చిమ్మింది. తెర పచ్చబడింది. బాగుంది అని రాసి వచ్చింది.

ఎవరికీ అర్థం కాలేదు. వెలుతురు తేడా అయి ఉంటుందని పెద్దసారు మైకులో అన్నాడు. అక్క పక్క అరలోంచి నిక్షేపంగా ఉన్న మొక్క తెచ్చి, గుడ్డతో ఆకులు తుడిచి, కెమెరా కింద పెట్టింది. ఎరుపు. నీళ్ళు చిమ్మింది. పచ్చ. తుడిచింది. ఎరుపు. ఆ తరవాత కుళ్ళిన మొక్కని పైకి లేపి, నల్లబడిన వేళ్ళని అద్దానికి ఆనించి పట్టుకుంది. దాని ఆకుల మీద నీటిబొట్లు మెరుస్తున్నాయి, తెర మీద పచ్చ వెలుగుతోంది. తెల్లజుట్టావిడ లేచి మైకు తీసుకుని ఇంకోసారి చెయ్యమంది. అక్క ఐదు మొక్కలతో చేసింది. ఒక్కటీ తప్పలేదు. వెనక వరసలో ఇంజనీరమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎందుకిలా అవుతోందని తెల్లజుట్టావిడ అడిగింది. ఇంత పెద్ద గదిలో అక్క గొంతు మొదటిసారి వినబడింది.

"ఫొటో తీసే ముందు జబ్బు ఆకుని తుడిచేదాన్నమ్మా. బాగున్నదాన్ని తుడవలేదు. అది నా తప్పే. మెషిను దాన్నే నేర్చుకుంది. మూడో అర పోతుందని నేను నాలుగు రోజుల ముందు చెప్పాను. మెషిను పోదంది. పోయాక, నీళ్ళు పోసే మనిషి నిర్లక్ష్యం అని సారు రాశారు."

పెద్దసారు ఎగిరి గంతేశాడు. చూశారా, తప్పు తనదేనని తనే ఒప్పుకుంటోంది, నేను రాసింది నిజమేగా అన్నాడు.  అక్క అంత పొడుగు మాట చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను. తెల్లజుట్టావిడ మాత్రం ముందున్న కాగితాలు తిరగేసి, నెమ్మదిగా అడిగింది:

"వారానికోసారి లోపలికి వెళ్ళి చూస్తారని మీ పద్ధతిలో మీరే రాశారు. వెళ్ళినప్పుడు ఈవిడ ఆకులు తుడవడం మీకు కనబడలేదా?"

చూశానంటే తప్పులో వాటా ఉంది. చూడలేదంటే వెళ్ళలేదని అర్థం.  పెద్దసారు గుర్తులేదు అన్నాడు. తొమ్మిది మందిలో ఎవరో కిసుక్కుమన్నారు. తెల్లజుట్టావిడ అక్కడే నిలబెట్టి, ఆ నిర్లక్ష్యం అన్న మాట ఇప్పుడే వెనక్కి తీసుకోమంది. ఆయన మాడిన మొహంతో, అద్దం ఇవతలున్న మా అక్క వైపు చూడకుండా, వెనక్కి తీసుకుంటున్నానని మైకులో చెప్పాడు. మా బావగారు ఆ మాట వినడానికి అక్కడ లేరే అని మాత్రం అనిపించింది. నాకైతే ఆ రోజంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు.

అక్క కోరుకున్నది జరిగింది. పదిమంది ముందు, వాడి నోటితోనే. ఉద్యోగం తిరిగి వచ్చింది, ఈసారి కాగితాల్లో పేరుతో. ఫొటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి తియ్యాలన్నారు. ప్రతి మొక్కనీ తడిగా ఒకసారి, తుడిచి ఒకసారి. ఇంజనీరమ్మాయి ఇప్పుడు వారంలో రెండు రోజులు లోపలే ఉండి పక్కన నిలబడి చూస్తుంది. ఆ పిల్లతో అక్క, ఆ రోజు నీకు చెప్పకుండా పంపించాను, మనసులో పెట్టుకోకు అని కూడా అంది. మేడ మీద కుండీల్లో బతికున్నవి మళ్ళీ చిగుర్లు వేశాయి. ఇక అయిపోయిందనుకున్నాను.

నెల తిరక్కుండా పెద్దసారు మా ఇంటికి వచ్చాడు. ఆయన మీద విచారణ వేశారు. తాను గదిలోకి వెళ్ళానని ఆయన, వెళ్ళలేదని అనుమానం వాళ్ళది. ఆ రోజుల్లో తలుపు దగ్గర ఎవరు వచ్చిందీ రాసే ఏర్పాటు లేదు. లోపలుండేది అక్క ఒక్కతే. అందుకని అక్కకి ఒక కాగితం పంపారు. అందులో ఒకటే ప్రశ్న: ఆ పద్నాలుగు నెలల్లో ఆయన లోపలికి ఎన్నిసార్లు వచ్చారు? కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలారు.

ఆయన నా బొత్తాల డబ్బా పక్కన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అక్క టీ ఇచ్చింది. అక్కని ఆయన మీరు అనడం నేను మొదటిసారి విన్నాను.

"అప్పుడప్పుడు వచ్చేవారని రాయక్కర్లేదమ్మా. అబద్ధం అడగను. ఒక్కసారైనా వచ్చి ఉంటాను. నాకే సరిగ్గా గుర్తుకు రావడం లేదు. మీకు గుర్తుండి ఉంటుంది. ఒక్కసారి వచ్చారని రాస్తే చాలు, బదిలీతో వదిలేస్తారు. లేకపోతే ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగం పోతుంది."

ఆలోచిస్తాను సార్ అంది అక్క. ఆయన టీ తాగకుండానే లేచాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు. గేటు గడియ ఎటు తిప్పాలో తెలియక తడుముకుంటుంటే నేనే వెళ్ళి తీశాను.

నేను తిరిగొచ్చేసరికి అక్క రాయడం కూడా అయిపోయింది. ఆఫీసుకి వెళ్ళి ఇచ్చి రమ్మని కవరు నా చేతిలో పెట్టింది. అంటించలేదు కాబట్టి చదివాను. ఒక్కసారి కూడా రాలేదు, అని ఉంది. భేష్ అన్నాను. నిజంగానే ఆ మనిషి పద్నాలుగు నెలల్లో గడప తొక్కలేదా అని, ఊరికే, మాట వరసకి అడిగాను.

"ఒకసారి వచ్చాడు" అంది అక్క.

టీ కప్పు తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, కుళాయి తిప్పి, కడుగుతూ చెప్పింది. పని మొదలుపెట్టిన రెండో నెలలో వచ్చాడట. పది నిమిషాలు పక్కన నిలబడ్డాడట. ఆకు తుడుస్తుంటే చూసి, ఎందుకు తుడుస్తున్నావు, ఫొటోకి ముందు తుడవొచ్చా అని అడిగాడట.

"మొక్కల సంగతి నాకు వదిలెయ్యండి సార్ అన్నాను. మళ్ళీ రాలేదు. వాడికది గుర్తులేదు. నాకుంది."

 ఒకసారి వచ్చాడని రాస్తే నీకు పోయేదేముంది, నీ ఉద్యోగం నీకు వచ్చిందిగా అన్నాను. అక్క కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని, నా మొహంలోకి చూసింది.

"నా గురించి ఒక్క మాట రాసేటప్పుడు, అది నిజమో కాదో వాడికి తెలుసు. తెలిసే రాశాడు. ఇస్తావా, నన్నే వెళ్ళమంటావా?"

ఇస్తానన్నాను. కేంద్రానికి ఊళ్ళో ఉన్న ఆఫీసు మూడు వీధుల అవతల. దారిలో ఒకచోట ఆగి, కవరు తెరిచి మళ్ళీ చదివాను. రెండో ముక్కకీ మూడో ముక్కకీ మధ్య ఇంకేదైనా ఉందేమోనన్నట్టు చదివాను. గేటు గడియ దగ్గర ఆయన చేతులు గుర్తొచ్చాయి. జాలి పడ్డావా అంటే పడ్డాను. పడి, కవరు అంటించి, గుమాస్తా చేతికి ఇచ్చి వచ్చాను.